గృహశౌచము – నిర్మాల్య విసర్జనము



గత కార్తీకమాసములో ఒకనాటి ప్రవచనము ముగిసి, తీర్థప్రసాదములు పంచుచుండగా ఒక గృహిణి నా దగ్గరకు వచ్చినది. అందరును వెళ్ళువరకు వేచియుండి, మెల్లగా ఒక మాట అడిగినది.

"శాస్త్రిగారూ, నా బాధ వేదాంతం కాదు. ఇల్లంతా సామానుతో నిండిపోయింది. అత్తగారివి, మావగారివి, విదేశాల్లో ఉన్న పిల్లలవి, నావి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. సర్దుదామని గది తలుపు తీస్తాను. చూడగానే గుండె దడ వస్తుంది. మళ్ళీ తలుపు వేసేస్తాను. చుట్టాలు వస్తున్నారంటే భయంగా ఉంటోంది. ఇదీ ఒక ప్రశ్నేనా అనుకోకండి."

ఆమె కన్నులు చెమర్చినవి. అది ప్రశ్నయే. ఇంటిలో అడుగు పెట్టుటకు చోటు లేనివానికి మనస్సులో దైవమునకు మాత్రము చోటెక్కడిది? పైగా ఆ తలుపు వెనుక ఏమున్నదో నాకును తెలియును. నా ఇంట కూడ అట్టి అటక ఒకటి ఉండెడిది. దాని కథయు చెప్పెదను. ఆనాడు ఆ తల్లికి ఇచ్చిన సమాధానమునే కొంచెము విస్తరించి ఇచ్చట మనవి చేయుచున్నాను.

నిర్మాల్యమనగానేమి?

తెల్లవారుజామున ఆలయము తలుపులు తెరచిన పిమ్మట అర్చకుడు చేయు మొదటి పనులలో ఒకటి నిర్మాల్య విసర్జనము. నిన్నటి మాలలు, పత్రి, గంధము తొలగించి, అభిషేకము జరిపి, ఆ తరువాతనే నేటి పూలు సమర్పించును. మన ఇండ్లలో దేవతార్చన చేయువారును అట్లే చేయుదురు.

ఆ తీసివేసిన మాల అల్పమైనదా? కాదు. నిన్న ఎవరో ఎంతయో భక్తితో గ్రుచ్చి తెచ్చినదే. దానిని నేడు తీసినంత మాత్రమున నిన్నటి భక్తికి లోపము రాదు. ఆ పూజ నిన్ననే అందినది; ఆ పూవు పని నిన్ననే పూర్తియైనది. జాలిపడి దానిని నాలుగు దినములు అట్లే ఉంచినచో క్రుళ్ళును, చీమలు పట్టును, నేటి పూవునకు చోటు లేకుండ చేయును.

ఈ చిన్న క్రియలో మూడు విషయములు గమనింపవలెను. మొదటిది, అది ప్రతిదినము కొంచెముగా జరుగును. గనుక ఏనాడును భారము కాదు. రెండవది, నమస్కారముతో జరుగును, ఏవగింపుతో కాదు. మూడవది, నేటి పూజకు చోటు కల్పించుటయే దాని ప్రయోజనము. ఇల్లు సర్దుకొనుట అను పనికి ఈ మూడును చాలును. ఇక ముందు చెప్పబోవునది అంతయు ఈ మూడింటి వివరణమే.

ఉప్పెనకు దక్కినది

మాది దివిసీమలో అవనిగడ్డకు చేరువనున్న చిన్న గ్రామము. మా నాయనగారు తైత్తిరీయ శాఖాధ్యాయులు. మా తాతగారు స్వహస్తముతో వ్రాసిన ఆపస్తంబ ప్రయోగ గ్రంథము తాటియాకుల మీద మా ఇంట ఉండెడిది. మొత్తము 112 ఆకులు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెన సంగతి ఈ ప్రాంతము పెద్దలకు చెప్పనక్కరలేదు. వేలమంది ప్రాణములు పోయినవి. ఆనాడు నీరు వాకిలి దాటుచుండగా మా నాయనగారు రెండే వస్తువులు చేతికి తీసికొన్నారు: ఒకటి దేవతార్చన సంపుటము, రెండవది ఆ తాళపత్రముల కట్ట. కట్టను తలపై పెట్టుకొని, మమ్ములను వెంటబెట్టుకొని గుడి మండపము మీదికి ఎక్కించినారు. ఇత్తడి గంగాళములు, భోషాణము, గాదెలోని ధాన్యము, అన్నియు పోయినవి. ఆయన వెనుకకు తిరిగి చూడలేదు. ఏది ముఖ్యమో ఆయనకు ముందే తెలియును. అవి ఎక్కడ ఉన్నవో చీకటిలో కూడ ఆయన చేతికి తెలియును.

తరువాత నేను విజయవాడ వచ్చి సత్యనారాయణపురములో కాపురముంటిని. నాయనగారి అనంతరము ఆ కట్ట నాకు వచ్చినది. పట్టుబట్టలో చుట్టి, రేకుపెట్టెలో పెట్టి, భద్రమని అటక మీద ఉంచినాను. ఆపై పెట్టె మీద పాత పంచాంగములు చేరినవి. వాని మీద పెండ్లి శుభలేఖలు, కరెంటు బిల్లులు, ఖాళీ నేతి డబ్బాలు, ఊచలు విరిగిన గొడుగులు, చినిగిన చాపలు చేరినవి. ఏటేటా దసరాకు ముందు మా ఇంటావిడ "అటక దింపుదామండీ" అనెడిది. "ఇంత సామాను ఒక్కరోజులో తెమలదు, తీరికగా చూద్దాములే" అని నేను అనెడివాడను. ఆ తీరిక ఎన్నడును రాలేదు.

2009లో ఒక విద్యార్థి ఆ ప్రయోగములోని ఒక పాఠము సరిచూచుకొనవలెనని వచ్చినాడు. పెట్టె దింపించి తెరచినాను. లోపల చెదపుట్ట తప్ప మరేమియు లేదు. 112 ఆకులలో 9 ఆకులు మిగిలినవి. అటక మీది నేతి డబ్బాలు మాత్రము ఒక్కటియు చెడలేదు.

ఉప్పెనకు దక్కినది నా చేతిలో చెదకు పోయినది. ఆ తాళపత్రములను దసరాలలో మూలా నక్షత్రము నాడు సరస్వతీపూజకు వెలికితీసి, దుమ్ము దులిపి, నిమ్మగడ్డి నూనె రాచి, వస కొమ్ము పెట్టి కట్టవలెనని నాయనగారు ఆచరించి చూపినారు. అది ఏటికి ఒక పూట పని. దానిని నేను చేయలేకపోవుటకు కారణము అశ్రద్ధ అని అప్పుడనుకొంటిని. తరువాత ఆలోచింపగా అసలు కారణము తెలిసినది. పనికిరానివి వందలు పైన పేర్చినందున పనికివచ్చునది చేతికి అందకుండ పోయినది. అన్నిటిని దాచుకొనువాడు దేనిని కాపాడలేడు.

శాస్త్రము చెప్పిన ఐదు దోషములు

పతంజలి మహర్షి యోగసూత్రములలో శౌచమును, సంతోషమును నియమములలోను, అపరిగ్రహమును యమములలోను చెప్పినాడు. అపరిగ్రహమనగా సన్యాసులకు మాత్రమే అని చాలమంది తలంతురు. దానికి వ్యాసభాష్యము చూపిన కారణములు గృహస్థునకు అద్దము పట్టినట్లుండును. వస్తువులయందు ఐదు దోషములున్నవని భాష్యకారుని ఆశయము: సంపాదించుటలో శ్రమ, కాపాడుటలో చింత, నశించినప్పుడు దుఃఖము, దానియందు పెరుగు ఆసక్తి, దాని వలన కలుగు హింస.

మనము మొదటి దోషమును మాత్రమే లెక్కించుదుము. కొన్ననాటి ధరయే వస్తువు ఖరీదు అనుకొందుము. తక్కిన నాలుగును తరువాత తీర్చవలసిన ఋణములు. ఒక బీరువా కొన్నచో దానిని తుడువవలెను, దాని తాళము వెదకవలెను, ఇల్లు మారినప్పుడు మోయవలెను. దాని వెనుక చేరిన బొద్దింకలను చంపవలెను. నా బిడ్డకే కావలెనని దానికొరకు అన్నదమ్ములు పోట్లాడుటయు కలదు. ఆ తల్లికి తలుపు తీయగానే కలిగిన గుండెదడ ఈ నాలుగు ఋణములదే. ఒక్కొక్క వస్తువును ఆమెను ఏదో ఒక పని అడుగుచున్నది. అన్నియు ఒక్కసారిగా అడిగినప్పుడు ఎవరికైనను భయము కలుగును. అది సోమరితనము కాదు.

భాగవతము ఏకాదశ స్కంధములో అవధూత యదుమహారాజునకు తన ఇరువదినలుగురు గురువులను చెప్పుచు కురరమను పక్షిని పేర్కొన్నాడు. అది మాంసఖండమును నోట కరచుకొని ఎగురుచుండగా బలమైన పక్షులు వెంటబడి పొడిచినవి. మాంసమును జారవిడిచినంతనే దానికి సుఖము కలిగినది. ఆ పక్షి రెక్కలు కోల్పోలేదు, ఆకాశమును కోల్పోలేదు.

అట్లని గృహస్థుడు రిక్తహస్తుడు కావలెనని శాస్త్రము చెప్పలేదు. మనుస్మృతి నాల్గవ అధ్యాయములో గృహస్థులను నాలుగు విధములుగా చెప్పినారు: గాదె నిండ ధాన్యము గలవాడు, కుండ నిండ గలవాడు, మూడు దినములకు సరిపడ గలవాడు, రేపటికి లేనివాడు. వీరిలో ముందువానికంటె తరువాతివాడు శ్రేష్ఠుడన్నారు. కాని నలుగురిని గృహస్థులనియే అన్నారు. గాదెకైనను, కుండకైనను ఒక హద్దు ఉన్నది. మన కృష్ణాడెల్టా రైతు కొత్తపంట ఇంటికి రాకముందే గాదె అడుగు ఊడ్చి పాతధాన్యము తీయును. లేనిచో పురుగు పాతదానినుండి కొత్తదానికి ప్రాకును. ఉన్న గాదె పట్టినంతయే నిలువ అను ఆ నియమమును బీరువాకును, అటకకును పాటించినచో చాలును.

దినమునకొక ఘడియ

ఇక ఆచరణ విధానము. అహోరాత్రమునకు 60 ఘడియలు. ఒక ఘడియ అనగా 24 నిమిషములు. అరువదింటిలో ఒక్క ఘడియను ఈ పనికి కేటాయింపుడు. ఘడియ ముగియగానే ఉత్సాహమున్నను ఆపవలెను. పండుగ ముందునాడు అటక మొత్తము దింపి, నడి ఇంట గుట్టపోసి, సాయంకాలమునకు నడుము పట్టి, అన్నియు తిరిగి పైకి తోసివేయుట మనమందరము చేసినదే. ఆ ఒక్క దినపు అలసట తరువాతి రెండేండ్లు ఆ పని పేరెత్తనీయదు.

గదిని చూడవద్దు. ఒక అర, ఒక సొరుగు, ఒక డబ్బా మాత్రమే చూడవలెను. క్రింద ఒక దుప్పటి పరచి, ఆ అరలోని వస్తువులన్నియు దానిపై పెట్టి, అర తుడిచి, వస్తువులను నాలుగు భాగములు చేయవలెను.

మొదటిది, ఇప్పుడు వాడుచున్నవి. వీనిని తిరిగి అరలో పెట్టవలెను. చేతికి ఎక్కడ అవసరమో అక్కడనే దాని స్థానము. పీట పెరటిలోను, సంచి వాకిట్లోను ఉన్నచో రెండును వెదకులాటయే.

రెండవది, మనకు అక్కరలేకున్నను ఇతరులకు ఉపయోగపడునవి. వీనిని గూర్చి క్రింద చెప్పెదను.

మూడవది, బాగుచేయించవలసినవి. పిడి ఊడిన మూకుడు, కుట్టు విడిన చీర, ఆగిన గడియారము. వీనికి వచ్చు ఏకాదశి వరకు గడువు. ఆ లోపల బాగుచేయించనిచో అవి మనకు అవసరము లేనివని అర్థము.

నాల్గవది, పని పూర్తియైనవి. గడువు తీరిన మందులు, సరుకులకు వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలు, మూతలు దొరకని సీసాలు, పాడైన ఫోనులు, వాని తీగలు. వీనిని ఆనాడే ఇల్లు దాటించవలెను. గుమ్మము దగ్గర పెట్టినవి మూడు దినములలో మరల లోపలికి వచ్చును.

క్రమము ఇట్లుండవలెను: మొదట దేవుని గది, పిమ్మట వంటయిల్లు, ఆపై బట్టలు, ఆపై కాగితములు. జ్ఞాపకములతో ముడిపడిన వస్తువులు చిట్టచివర. చాలమంది చివరిదానితో మొదలుపెట్టి, మొదటి దినముననే పాత ఉత్తరములు చదువుచు కూర్చుండిపోవుదురు.

కాగితముల విషయములో ఒక మాట. 2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురము, రాజరాజేశ్వరీపేట మొదలగు ప్రాంతములు మునిగినవి. మరునాడు ప్రకాశం బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైనది. నీరు తీసిన తరువాత అగ్నిమాపక వాహనములతో వీధులు, ఇండ్లు కడిగినారు. పరుపులు, బీరువాలు, పుస్తకములు వీధులవెంట గుట్టలుగా పడియుండినవి. అట్లు పోగొట్టుకొన్నవారికి వైరాగ్యము బోధించుట పాపము. వారికి చేయవలసినది సహాయమే. మన వంతు నేర్చుకొనవలసినది వేరు. బురద తీయుచున్న మా బంధువుల ఇంట అందరును వెదకినవి ఇంటి దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు, ఒక పెండ్లి ఫోటో. కాబట్టి అట్టివానిని నీరు చొరని ఒక్క సంచిలో పెట్టి, ఎత్తైన చోట, చీకటిలో కూడ చేతికి అందునట్లు ఉంచుడు. మా నాయనగారి తాళపత్రముల కట్టవలె అది ఒక్కటియే ఉండవలెను.

పాత పటములు, ప్రతిమలు

దేవుని గది మొదటిదన్నాను. అక్కడనే ఎక్కువ సందేహములు. ఏటేటా వచ్చు క్యాలెండర్లు, చెమ్మకు మరకలు పడిన పటములు, శుభలేఖల మీది వినాయకుడు, వీనిని తీసినచో దోషమని భయపడి దాచుదురు. భయము హద్దు మీరినప్పుడు చీకటిపడిన తరువాత పోయి ఏ రావిచెట్టు మొదటనో, కాలువ గట్టుననో వదలుదురు.

ఆవాహనము, ప్రాణప్రతిష్ఠ జరిగిన మూర్తికి ఉద్వాసన విధి కలదు. అచ్చువేసిన క్యాలెండరు బొమ్మకు ప్రతిష్ఠ జరుగలేదు. దానియందు గౌరవము ఉండవలెను, భయము అక్కరలేదు. నమస్కరించి, కాగితమును నీట నానబెట్టి, ముద్దచేసి, ఎవరును త్రొక్కని చోట మట్టిలో కలుపవచ్చును. చట్రము, అద్దము బాగున్నచో మరియొక పటమునకు వాడుకొనవచ్చును. మట్టి ప్రతిమను ఇంటనే తొట్టిలో కరిగించి చెట్టు మొదట పోయవచ్చును. లోహప్రతిమ విరిగినచో కరిగించి మరల పోతపోయించవచ్చును. సాలగ్రామములు, ప్రతిష్ఠితమైన మూర్తులు ఉన్నచో, అర్చించుటకు శక్తి చాలనప్పుడు, పురోహితుని సంప్రదించి అర్చించువారికి అప్పగింపుడు.

ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ బ్యారేజీ వద్ద బయలుదేరి, ఈ నగరము నడుమగా పోయి డెల్టా పొలములను తడుపుచున్నవి. మనము సంచితో సహా విసరిన పటములు, ఎండిన పూలు, ప్లాస్టిక్ దండలు వానియందే తేలుచున్నవి. కృష్ణవేణిని తల్లియని మ్రొక్కి, ఆమె నీటిలోనే ఇంటి చెత్తను కలుపుట ఎట్టి శౌచము? మన ఇంటి నిర్మాల్యము దిగువ ఊరివాని రేవులో చెత్త కాకూడదు. భోగిమంటకును ఇదే నియమము. పిడకలు, ఎండుకట్టెలు, విరిగిన చెక్కసామాను అగ్నికి తగినవి. టైర్లు, ప్లాస్టిక్ వేసినచో ఆ పొగ మన పిల్లల ఊపిరితిత్తులకే చేరును.

దానము

రెండవ భాగములోని వస్తువులను గూర్చి. నచికేతసుని కథ కఠోపనిషత్తునందును, మా తైత్తిరీయ బ్రాహ్మణమునందును కలదు. కఠోపనిషత్తులో తండ్రి యజ్ఞదక్షిణగా ఇచ్చుచున్న గోవులను బాలుడు చూచినాడు. అవి పాలు ఇచ్చుట మానినవి, మేత మేయ శక్తి లేనివి. అట్టి దానము వలన పుణ్యము రాదని ఆ పసివాని మనస్సు క్షోభించినది. వాడు మృత్యుదేవత ఇంటికి పోవు కథ అక్కడనే మొదలైనది.

మన ఇంట చెత్త తగ్గించుకొనుటకు చినిగిన బట్టను పనిమనిషి చేతిలో పెట్టి దానమనుట ఆ గోదానము వంటిదే. ఇచ్చునది ఉతికి, కుట్టి, మడతపెట్టి ఇవ్వవలెను. కావలెనా అని అడిగి ఇవ్వవలెను. బీరువాలో కట్టలుగా ఉన్న రవికె గుడ్డలు, వ్రతములకు వచ్చి వ్రతములకే పోవుచు ఏ వంటిపైకిని ఎక్కనివి, వానిలో మంచివి కుట్టించి ఇండు. ఎవరి పెండ్లిలోనో పేర్లు చెక్కించి పంచిన స్టీలు గిన్నెలు పది ఉన్నచో, రెండుంచుకొని తక్కినవి అన్నదానము జరుగుచోట ఇండు. తాళపత్రములు, వ్రాతప్రతులు ఉండి చదువువారు లేనిచో తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థ వంటి చోట్లకు అప్పగింపుడు. నేను ఆనాడు అట్లు చేసియుండవలసినది. కాపాడువాని చేతిలో పెట్టుట కూడ కాపాడుటయే.

కీర్తిశేషుల వస్తువులు

చివరిది కష్టమైనది. పోయినవారి కళ్ళజోడు, చేతికర్ర, చీరలు తీయుటకు చేయి రాదు. తొందరలేదు. సంవత్సరీకము వరకు కదపనక్కరలేదు. ఆ తరువాత వారిని ఎక్కువగా తలపించు ఒక్క వస్తువును, లేదా రెండింటిని, దేవుని గది దగ్గర పెట్టుకొని, తక్కినవి వారి పేరు చెప్పి వాడుకొనువారికి ఇండు. పితృదేవతలు మనయొద్ద కోరునది శ్రద్ధ. అటక మీద నలుబది చీరలు చిమటలు కొట్టుచుండగా శ్రద్ధ జరుగుచున్నదని చెప్పలేము.

మరియొక హెచ్చరిక. నా నిర్మాల్యమును నేను తీయవచ్చును. ఎదుటివాని మాల నిర్మాల్యమో కాదో నిర్ణయించు అధికారము నాకు లేదు. ముసలి తల్లి పెట్టెను ఆమె గుడికి పోయినప్పుడు ఖాళీచేయు కొడుకులను చూచినాను. ఇల్లు శుభ్రమైనది, ఆమె మనస్సు విరిగినది. పెద్దలవైనచో ప్రక్కన కూర్చుండి, ఒక్కొక్కటి చేతికిచ్చి, దాని కథ విని, "ఇది ఎవరికిద్దామమ్మా?" అని వారినే అడుగుడు. చాలసార్లు కథ చెప్పిన తరువాత వారే ఇచ్చివేయుదురు.

ఇదియే నేను ఆ గృహిణికి చెప్పినది. "ఒక్క ఘడియేనా శాస్త్రిగారూ? నలభై ఏళ్ళ సామాను" అని ఆమె సందేహించినది. "నిన్నటి పూలు తీయుటకు ఎంతసేపు పట్టుచున్నదమ్మా?" అని అడిగినాను. ఆమె నవ్వి వెళ్ళినది.

సంక్రాంతి వెళ్ళిన పిమ్మట మరల కనబడినది. "మొత్తం కాలేదండీ. అత్తగారి బీరువా ఇంకా ముట్టుకోలేదు. కానీ ఆ గది తలుపు ఇప్పుడు తీసే ఉంచుతున్నాను. పండక్కి మా ఆడపడుచు అందులోనే పడుకుంది" అన్నది.

నా ఇంట మిగిలిన ఆ 9 ఆకులు ఇప్పుడు దేవుని గదిలో ఉన్నవి. వాని మీద మరేదియు పెట్టము. ఏటేటా మూలా నక్షత్రము నాడు విప్పి, నూనె రాచి, మా మనుమని చేత ఒక్కొక్క వాక్యము చదివించుచున్నాను. తొమ్మిది ఆకులే గనుక తప్పక చదువుచున్నాము.

శుభం భూయాత్.